మా పెద్దమ్మ మళ్లీ నడిచిన ఏడాది

మొన్న మధ్యాహ్నం ఆత్మకూరు బస్సు దిగిన మనిషి మా పెద్దమ్మ పోయిందని కబురు తెచ్చాడు. చెరుగుతున్న చేట మా అమ్మ చేతుల్లో ఆగిపోయింది. "నిద్దర్లోనేనా?" అని మాత్రం అడిగింది. అవునన్నాక కింద కూర్చుంది.

పెద్దమ్మ మా అమ్మకు సొంత అక్క. ఆత్మకూరులో వాళ్లింటి ముందు భాగమే బట్టల అంగడి. పెదనాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే ఆడవాళ్లకు చీరలు విప్పి చూపేది ఆమె. రవికె గుడ్డకని వచ్చినవాళ్లు ఇంట్లో కష్టసుఖాలన్నీ చెప్పుకుని పోయేవారు.

మద్రాసు నుంచి మన రాష్ట్రం వేరుపడిన ఏడాది పెదనాన్న పోయాడు. ఆ తరువాత ఆమె గడప దగ్గర జారిపడింది. ఎముక విరగలేదు గానీ ఆమె కొడుకు, మా అన్న, బెదిరిపోయాడు. "నువ్వు కదలొద్దమ్మా, అన్నీ మంచం దగ్గిరికే తెస్తాం" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, మనలో చాలామందిమి అదే అంటాం. వెనకగదిలో మంచం వేశారు. చెవి మందగించింది కాబట్టి, గట్టిగా చెప్పే ఓపిక లేక పలకరించేవాళ్లూ తగ్గారు. ఎండాకాలం వచ్చేసరికి లేచి నిలబడితే కాళ్లు వణికేవి. అన్నం తిన్న కాసేపటికే తినలేదనేది. ఒకరోజు కొడుకును పెదనాన్న అనుకుని, అంగడి తెరవలేదేమని అడిగిందట.

చూడబోయిన అమ్మ అన్నతో, "మా ఇంటికి పంపు నాయనా. వయసును నేనేం చేయలేను. ఒంటరిగా పడుండేది మాత్రం మాన్పిస్తా" అంది.

అలా ఆమెను మా ఊరు ఉదయగిరికి తెచ్చుకున్నాం. అమ్మ ఆమె బాగా వినపడే చెవి వైపు కూర్చుని మాట్లాడేది. కొండ నీడ వీధిలో ఉండగానే భుజం ఆనిచ్చి పక్కింటి అరుగు దాకా నడిపించేది. తరువాత ఇంకాస్త దూరం.

"నొప్పిగా ఉండాదే, వదలవే" అని పెద్దమ్మ తిట్టేది.

"తిట్టుకుంటానే నడువక్కా" అనేది అమ్మ.

ఒక సాయంత్రం పక్కింటామె కొత్త చీర కట్టుకుని వచ్చింది. పెద్దమ్మ కొంగును వేళ్ల మధ్య నలిపి చూసి, "రంగు పోతాది. ముందు ఉప్పునీళ్లలో నానబెట్టు" అంది. అమ్మ గబగబా వంటింట్లోకి వెళ్లింది. నేను వెనకే వెళితే కళ్లు తుడుచుకుంటోంది.

అన్న చూడవచ్చిన రోజు పెద్దమ్మే బస్సు దగ్గరికి నడిచింది. అతను పరుగున వచ్చి రెండు చేతులూ చాస్తే, "ఎత్తొద్దురా. పక్కన నడువు, చాలు" అంది. అన్న ఆమెను తీసుకుపోయి ఈసారి అంగడిలోనే చాప పరిచాడు. మళ్లీ ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు.

అన్నీ తిరిగి రాలేదు. నా పేరు ఆమెకు మళ్లీ దొరకలేదు. "మా చెల్లెలి బిడ్డ" అనేది. కొన్నేళ్లు అలా బాగానే గడిచాక, మరపు మళ్లీ కమ్ముకుంది. పోయిన చలికాలం మేం వెళితే అమ్మను చూసి, "ఎవురమ్మా నువ్వు?" అంది.

"నీ చెల్లెల్నక్కా."

"అట్నా" అని కాసేపు చూసింది. "చలిలో వచ్చినట్టుండావే" అంటూ మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చింది. తను కప్పుకున్న దుప్పటి సగం లాగి అమ్మ మోకాళ్ల మీద కప్పి, అంచు జారకుండా చేత్తో అదిమిపట్టుకుంది.