అక్క వద్దన్న ఆరో గది

పోయిన మంగళవారం పొద్దున గ్రేటర్ నోయిడా వెళ్లే బస్సులో ఉండగా ఫోను మోగింది. "అంకుల్, మమ్మీ నహీ రహీ" అంది అవతల అమ్మాయి. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి మా అక్క కన్నుమూసింది. అక్కంటే తోడబుట్టింది కాదు. మా తుపాకుల కర్మాగారంలో తనిఖీ విభాగం చూసిన మనిషి. అక్కడ అందరికీ ఆవిడ దీదీ. తెలుగువాణ్ని నేనొక్కణ్నే కాబట్టి నాకు మాత్రం అక్క.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ప్రేమతో మొదలుపెట్టడం మర్యాద. ఆ మర్యాద నావల్ల కాదు. పదకొండేళ్లు ఆవిడ పక్కన పనిచేశాను. పదకొండేళ్లూ ఆవిణ్ని చూసి కుళ్లుకున్నాను.

మేము చేసేవి విదేశాలకు వెళ్లే పెద్ద రివాల్వర్లు. సింగిల్ యాక్షన్ రకం, అంటే ప్రతి తూటాకూ సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగి పేల్చాలి. తూటాలుండే సిలిండర్ పక్కకు తెరుచుకోదు, దాని చుట్టూ ఒకే ముక్క ఉక్కు. అందుకే మొండిది. ఎలుగుబంట్లు తిరిగే అడవుల్లోకి వెళ్లేవాళ్లు వీటిని కొని, మందు బాగా దట్టించిన బరువైన తూటాలు వేస్తారు. అలాంటివి ఎన్ని పేలితే తుపాకీ అలిసిపోతుందో ముందే తేల్చాలి. దాన్ని ఇనుప స్టాండుకు బిగించి, గోడ వెనక నిలబడి తాడుతో ట్రిగ్గర్ లాగేవాళ్లం. ప్రతి వంద పేలుళ్లకూ తుపాకీ అక్క బల్ల మీదకు వచ్చేది.

ఆవిడ ముందు గేజు పట్టుకునేది కాదు. చేతులు కడుక్కుని, చున్నీకి తుడుచుకుని, కళ్లు మూసుకుని సిలిండర్‌ను ముందుకీ వెనక్కీ కదిపేది. "వెంట్రుకంత వదులైంది" అనేది. తర్వాత సందులో దూర్చే పల్చటి ఫీలర్ గేజు పెట్టి కొలిస్తే అదే తేలేది. నేను ఎంటెక్ చదివాను. ఆవిడది విజయనగరంలో చేసిన డిప్లొమా. నా లెక్కలు కంప్యూటర్‌లో పూటంతా నడిచి చెప్పేది ఆవిడ రెండు వేళ్లు టీ చల్లారేలోపు చెప్పేవి. దాంతో నా టీ చేదెక్కేది.

"తుపాకీ ఒక్కసారిగా ఇరిగిపోదు బాబూ. ముందల చెప్పే ఇరుగుతాది. ఇనీవోడుండాల" అనేది. వినేవాడంటే నేను కానని నాకు వినిపించేది.

నా మొదటి సొంత డిజైను ఆరు గదుల సిలిండర్, గదికో తూటా. కొనేవాళ్లు ఆరే అడిగారు. నెలల తరబడి గీసి, మీటింగులో చూపించాను. మేనేజరు బొమ్మంతా చూసి, నా వైపు తిరగకుండానే దీదీ ఏమంటుందని అడిగాడు.

"దీదీ క్యా కహతీ హై?"

అక్క కళ్లద్దాలు సర్దుకుంది. "సిలిండర్‌ని ఆపే గాడి ఉంది చూశారా, ఆరు గదులైతే అది సరిగ్గా గది నెత్తిమీద పడతాది. అక్కడ గోడ పల్చనైపోద్ది. ఐదే పెడితే గాడి రెండు గదుల మజ్జిన పడతాది" అని నాకు తెలుగులో చెప్పి, అదే హిందీలో ఆయనకు చెప్పింది. నేను స్టీలు బలం గురించి పావుగంట మాట్లాడాను. ఆయన "అచ్ఛా, అచ్ఛా" అంటూనే ఆవిడ వైపు చూశాడు. చివరికి పరీక్షించి చూద్దామన్నారు.

మూడు నమూనాలు పరీక్షకు వెళ్లాయి. నాలుగు వందల పేలుళ్లకే మూడో దాని వదులు పెరుగుతోందని అక్క రాసింది. ఆ కాగితం చూసి నేను చేసిన పని ఇన్నాళ్లూ ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆవిడ గేజు అరిగిపోయి ఉండొచ్చని ఫిర్యాదు రాసి, దాన్ని బయటి ల్యాబుకు తనిఖీకి పంపించాను. కింద నా పేరు లేదు. పది రోజులు ఆవిడ బల్ల ఖాళీగా ఉంది. ఆ పది రోజులూ నాకు అన్నం సహించింది.

గేజు తిరిగొచ్చింది. అందులో ఏ తప్పూ లేదు.

పరీక్ష మళ్లీ మొదలైన రెండో రోజు అక్క నన్ను పిలిచింది. బల్ల మీద మూడో రివాల్వర్ ఉంది. "నువ్వు కొలువు" అని మైక్రోమీటరు నా చేతిలో పెట్టింది. గాడి కింద ఒక గది ఉబ్బింది. కంటికి కనపడదు. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అంతే. ఇంకో వంద పేలితే చీలేది. ఎక్కడో అడవిలో, ఎవరో ఒకరి చేతిలో.

"రిపోర్టు నువ్వే రాయి. సంతకమూ నువ్వే పెట్టు" అంది.

ఐదు గదులకు మార్చాం. ఆ రివాల్వర్ వేల పేలుళ్లకు తట్టుకుంది. నాకు ప్రమోషన్ వచ్చింది. కొనేవాళ్ల మనిషి వచ్చినప్పుడు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, తర్వాత అక్క బల్ల దగ్గరికెళ్లి, ఆవిడ కళ్లు మూసుకుని సిలిండర్ కదుపుతుంటే చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. నా ప్రమోషన్ అక్కడే చప్పబడిపోయింది.

ఆవిడ రిటైరయిన రోజు, క్యాంటీన్లో సమోసాలయ్యాక, గేజు సంగతి చెప్పేశాను.

"తెలుసు. ఆ కాగితంలో ఇంగ్లీషు నీదే" అంది.

"మరి అడగలేదేం అక్కా?"

ఆవిడ తన ప్లేటు పక్కకు జరిపింది. "నాకూ నీమీద కుళ్లే బాబూ. డిజైన్‌లోకి పంపమని మూడుసార్లు అడిగాను. డిప్లొమా చాలదన్నారు. నువ్వొచ్చిన రోజే నీకు డ్రాయింగు బల్లిచ్చారు. ఆ మూడోది ఉబ్బినప్పుడు నాకు సంతోషమేసింది. ఆ సంతోషానికి సిగ్గేసే, నీ చేత కొలిపించినాను."

ఆవిడ నా ప్లేటులో మిగిలిన సమోసా తీసుకుని తినేసింది.

ఆదివారం ఇందిరాపురంలో వాళ్లింటికి వెళ్లాను. నన్ను కూర్చోబెట్టి, కూతురు బీరువాలోంచి ఒక నోటు పుస్తకం తెచ్చింది. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం రాదు.

"అంకుల్, యే క్యా హై? మమ్మీ సండే కో బనాతీ థీ." అమ్మ ఆదివారాలు గీసేదట, ఇదేమిటని అడిగింది.

పేజీ నిండా పెన్సిలుతో గీసిన రివాల్వర్. ఫ్రేము పైభాగం నేను గీసినదానికన్నా దిట్టంగా ఉంది, అయినా ఎక్కడా మోటుతనం లేదు. అంత శుభ్రమైన గీత నా చేతికి ఇప్పటికీ రాదు. పోయిన మనిషి మీద కుళ్లు పుడుతుందని నాకప్పుడే తెలిసింది. ఆ మంటతోపాటే, ఇన్నేళ్లు ఆవిడ పక్కన నిలబడనిచ్చినందుకు కృతజ్ఞతా కలిగింది. రెంటినీ విడదీయడం నా చేతకాలేదు.

"రివాల్వర్" అన్నాను ఆ అమ్మాయితో. "మీ అమ్మ డిజైను."

పుస్తకాన్ని బాల్కనీ వైపు వెలుతురుకు తిప్పి చూశాను. సిలిండర్‌లో ఐదు గదులు స్పష్టంగా ఉన్నాయి. వాటి అడుగున, రబ్బరుతో గట్టిగా రుద్ది చెరిపినా పూర్తిగా పోని పాత గదుల గీతలు. ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాను. అక్క కూడా మొదట ఆరే గీసింది.