పీటర్ గారి పుస్తకానికి నేను వేసిన అట్ట

ఒక మంచి మనిషికి మంచి చేయబోయి, ఆయన్ని ఏడుపుదాకా తెచ్చిన ఘనత నాది. నవ్వాలనిపిస్తే నవ్వేయండి, మొహమాటం వద్దు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

తొంభైల్లో దోహాలో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఒక్క గది. భార్యా, నేనింకా కళ్ళతో చూడని ఆరు నెలల కూతురూ కాకినాడలో. వాళ్ళు రావాలంటే వీసాకి కంపెనీ ఉత్తరం కావాలి. దాని మీద మా ఆస్ట్రేలియా మేనేజరు పీటర్ శనివారం సంతకం పెడతానన్నాడు. గురువారం నన్ను పిలిచి ఒక పాత పుస్తకం చేతిలో పెట్టాడు.

"పదేళ్ళు వెతికితే దొరికింది. శాస్త్రవేత్తలు కొందరు మా దేశపు ఉత్తరాన ఆదివాసుల దగ్గర నెలల తరబడి ఉండి, వాళ్ళు చెట్టు బెరడు మీద వేసిన బొమ్మలు సేకరించి తెచ్చిన పుస్తకం. దీనికో చెక్కపెట్టె చేయిద్దాం. కొలతలు తీసి డ్రాయింగ్ వెయ్యి. జాగ్రత్త!"

జాగ్రత్త అన్నాడా, అయిపోయింది! బడి తెరిచే రోజుల్లో అయిదుగురు అన్నదమ్ముల పుస్తకాలకీ అట్టలు వేసిన చెయ్యండీ ఇది, ఊరుకుంటుందా?

శుక్రవారం సెలవు. పుస్తకం పైన తొడిగిన రంగుల కాగితం అంచులన్నీ చిరిగి ఉన్నాయి. దాని మీద ఎముకలు కూడా కనిపించేలా గీసిన కంగారూ. 'పాపం, ఇంత మేనేజరుకీ అట్ట వేసే దిక్కు లేదే!' అనుకుని, ఆ కాగితం ఊడదీసి చెత్తబుట్టలో పడేశాను. లోపల కొన్ని పేజీల అంచులు అతుక్కుని ఉన్నాయి. ఉల్లిపాయల చాకుతో చకచకా కోసేశాను. చాకు కడిగాకే లెండి! ఖాకీ అట్ట వేసి, చీటీ అంటించి, పేరు: పీటర్, తరగతి: మేనేజరు అని రాశాను. సెక్షన్ దగ్గర కాసేపు ఆలోచించి 'సివిల్' అని పెట్టాను. ఎంత ముద్దొచ్చిందో!

శనివారం పీటర్ మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

"పై కవరేదీ?"

"చిరిగిపోయింది సార్, పారేశాను."

"పుస్తకం విలువ సగం అందులోనే ఉంది! ఈ పేజీలు కోసిందెవరు? అచ్చయినప్పటి నుంచీ ఎవరూ కోయలేదవి, అలా ఉంటేనే విలువ!"

"నేనే సార్. మీకు శ్రమ ఎందుకని..."

ఆయన నా వీసా ఉత్తరాన్ని సొరుగులో పెట్టి మూసేశాడు. నా కూతురు నన్ను మొదటిసారి పెళ్ళిలో చూస్తుంది కాబోలు, తన పెళ్ళిలో!

గదికి పరిగెత్తాను. బుట్టలో కాగితం లేదు. అప్పుడు గుర్తొచ్చాడు నర్సయ్య. మా కంపెనీ వడ్రంగి, జగిత్యాల మనిషి, కొలతల కోసం శుక్రవారం వచ్చి వెళ్ళాడు. సైటుకి ఉరికాను.

"నర్సన్నా! బుట్టలో రంగుల కాగితం గానీ చూశావా?"

"గా బొక్కల జింకనా? మస్తుగున్నదని తీస్కపోయి క్యాంప్ల నా అల్మార తలుపుకు అంటువెట్టిన సారూ."

"దేంతో?"

"అన్నం మెతుకులతోని. ఎవ్వలు గుంజినా ఊడది!"

విషయం చెప్పగానే పీటర్ "యల్లా, పద!" అని కారు తీశాడు. పనివాళ్ళుండే క్యాంప్‌లో, తలుపు మీద, కంగారూ దర్జాగా ఉంది. నేను ఆత్రంగా మూల దగ్గర గోరు పెట్టాను.

"ముట్టుకోకు!"

ఆ కేకకి క్యాంప్ అంతా పోగయింది. పీటర్ వంగి అంచులు పరిశీలించాడు. "అన్నమేనా? బతికించావు నర్సయ్యా! మెల్లగా తడిపితే వచ్చేస్తుంది. కానీ ఆ పని నేనే చేస్తాను."

"గంతేనా సారూ? తలుపే తీస్కపోండ్రి!" అంటూ నర్సయ్య రెండు నిమిషాల్లో మరలు విప్పేశాడు. మదీనత్ ఖలీఫాలో పీటర్ విల్లా దాకా కారు వెనక సీట్లో ఆ తలుపుని కావలించుకుని కూర్చున్నాను. పెళ్ళినాడు కూడా అంత భద్రంగా మా ఆవిడ చెయ్యి పట్టుకోలేదు.

మర్నాడు పీటర్ సంతకం పెట్టాడు. "నా పుస్తకాల గదిలో నువ్వు అడుగు పెట్టకూడదు" అన్నది ఒక్కటే షరతు. ఆనందం పట్టలేక ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోయాను. భయపడి వెనక్కి జరిగాడు.

రెండు నెలలకి మావాళ్ళు దిగారు. కూతుర్ని ఎత్తుకుని ఎయిర్‌పోర్టులోనే ఏడ్చేశాను. ఆ శుక్రవారం పీటర్ మమ్మల్ని భోజనానికి పిలిచాడు. కూర్చోగానే మా ఆవిడ సంచీ తెరిచింది.

"మీ సారుకి పుస్తకాలంటే ప్రాణమని రాశారుగా, అందుకని తెచ్చా" అంటూ తీసింది... చుట్ట చుట్టిన ఖాకీ కాగితాలు, ఓ కట్ట చీటీలు!

పీటర్ గబుక్కున లేచి, పుస్తకాల గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

అప్పుడే, అక్కడే, కూతురి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాను: పరాయి పుస్తకం ఒంటి మీద గుడ్డపేలిక లేకుండా నడిబజార్లో నిలబడినా సరే, కళ్ళు మూసుకుంటాను గానీ, అట్ట మాత్రం వెయ్యను!