ఎక్స్‌రేలో దొరకని నొప్పి

ఆ రోజుల్లో నా మాట మీద మా ఇంట్లో ఎవరికీ నమ్మకం ఉండేది కాదు. ఆ పేరు తెచ్చుకోవడానికి నేనూ తక్కువ కష్టపడలేదు. మిర్చి కల్లంలో గొంతుక్కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరే రోజులొస్తే చాలు, ఒక ఏడు కడుపునొప్పి, ఒక ఏడు కళ్లమంట, ఇంకో ఏడు (ఇది నా ప్రతిభకు పరాకాష్ఠ) మూడు రోజుల చెవుడు. అందుకే ఇరవై రెండో ఏట కుడి మోకాలు నిజంగానే మడత పడనని మొరాయిస్తే, మా మేనత్త తాలు ఏరుతూనే రోగం తేల్చేసింది. "గిది కల్లం చూస్తే వచ్చే నొప్పి. కాయ మార్కెట్‌కు పోంగనే పోతది."

కాయ పోయింది, నొప్పి పోలేదు. మా ఊరు ములకలపల్లిలో ఉన్న డాక్టరు (సూది తప్ప వేరే శాస్త్రం నేర్వని మహానుభావుడు) వాపు లేదు, గడ్డ లేదు అంటూనే రెండు సూదులు పొడిచి, ఎక్స్‌రే తీయించమన్నాడు. మా ఊళ్లో ఇంతమంది నిపుణులున్నారని ఆ ఎక్స్‌రే వచ్చాకే తెలిసింది. టీకొట్టు దగ్గర దాన్ని ఎండకు ఎత్తి చూసిన ప్రతివాడిదీ ఒకటే తీర్పు, ఎముకలు (మా భాషలో బొక్కలు) భేషుగ్గా ఉన్నాయని. నాన్న దాన్ని కవర్లో పెడుతూ, "బొక్క మంచిగనే ఉందంట కదరా. మరి నొప్పి ఏడికెల్లొస్తుంది?" అన్నాడు. కోప్పడినా బాగుండేది, అలసిపోయినట్టు అడిగాడు. నాకు ఏడుపొచ్చింది (అదీ నటనే అనుకున్నారు).

నాలుగు నెలలకు ఒక పొద్దున మరుగుదొడ్లో కూర్చున్నవాణ్ణి లేవలేక కేకలు పెట్టాను. నాన్న తలుపు గడియ ఊడగొట్టి నన్ను లేపాడు. అలాంటి చోట నాటకమాడేంత కళాపిపాస నాకు లేదని ఆయనకు తోచినట్టుంది, ఆ రోజే ఖమ్మం తీసుకెళ్లాడు. అక్కడి ఎముకల డాక్టరు కాలు మడిచి చూసి, ఎమ్మారై తీయించి, "కీలు లోపల గోళీ అంత నీటితిత్తి ఉంది. పైకి చేతికి తగలదు, ఎక్స్‌రేలో కనపడదు. మడిచినప్పుడల్లా ఒత్తుకుంటుంది. చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ తీసేద్దాం" అన్నాడు.

"ఉంది నాన్నా, ఉంది!" అని నేను అరిచిన అరుపుకు బయట కూర్చున్నవాళ్లు నాకు ఉద్యోగం వచ్చిందనుకొని ఉంటారు. నాన్న మాత్రం నవ్వలేదు.

"గిన్ని దినాలు గిట్లనే నొచ్చిందారా?"

"అవ్ నాన్నా."

ఆయన తల దించుకున్నాడు. గెలిచింది నేనే, అయినా సంతోషం నిలవలేదు.

ఆపరేషనై, వ్యాయామాలు చేశాక కాలు మెల్లగా మడత పడింది. అసలు నష్టం అప్పుడు మొదలైంది. నాన్న నేను ఏం చెప్పినా నమ్మసాగాడు. మరుసటి వానాకాలం నాట్లకు పిలిస్తే అలవాటు కొద్దీ తలనొప్పి అన్నాను. ఆయన చేతిలో నారుకట్ట కింద పెట్టి, "జల్దీ చెప్పులేసుకో, దవాఖానాకు పోదాం" అన్నాడు.

"లేదు నాన్నా, తగ్గింది" అని బురదలోకి దిగాను. పదేళ్లయింది, మళ్లీ ఆయనతో ఒక్క అబద్ధమైనా ఆడలేకపోయాను. అంత హాయిగా బొంకిన ఆ కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.