పట్నం మీద అప్పగింతల సన్నాయి

కిందటేడు ఆషాఢం పడిన వారం. పెళ్ళిళ్ళు ఆగుతాయి కాబట్టి, సీజన్‌లో పేరుకుపోయిన పనంతా మేం అప్పుడే ముందేసుకుంటాం. జనగామలో స్టేషన్ దగ్గర మేడ మీద గది నాది. పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేస్తాను. మిక్సింగ్ అంటే కెమెరావాళ్ళు తీసిన గంటల కొద్దీ వీడియోను కోసి, అతికి, పాటలు కలిపి, చుట్టాలు చూసి మెచ్చుకునేలా తయారుచేయడం. మెచ్చుకోవడమన్నది నా ఆశ. 'మా మేనత్త ఒక్కసారే కనబడిందేం?' అని తగువుకొచ్చేవాళ్ళే ఎక్కువ.

ఆ వారంలో సాయిలు అనే పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. నర్మెట్ట దగ్గర ఊరు. హైదరాబాదులో ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపి, రిటైరై ఇల్లు చేరాడు. తన పట్నం జీవితం మీద ఫోన్‌తో సినిమా తీశానని, మిక్సింగ్ చేసిపెట్టమని అడిగాడు. పెళ్ళిది కాని వీడియో నా దగ్గరికి రావడం అదే మొదలు. ఎవరికి చూపించాలని అడిగితే, ఇంట్లో ఆమెకు అన్నాడు.

సంగతేమిటంటే, భార్య రాజవ్వ ఆయనతో మాట్లాడడం మానేసింది. ఉద్యోగమున్నన్నాళ్ళూ తననూ పట్నం తీసుకుపొమ్మని ఆమె అడిగేది. పొగ, దుమ్ము, నీళ్ళుండవు, అది మనుషులుండే జాగ కాదని ఈయన చెప్పేవాడు. ఆమె నమ్మి ఊళ్ళోనే ఉండి అత్తమామలను, పొలాన్ని చూసుకుంది. చివరికి రిటైర్మెంట్ ఫంక్షన్‌కు మొదటిసారి డిపోకు వెళ్ళింది. అక్కడ తోటి డ్రైవర్లు మైకు పట్టుకుని, సాయన్న ఉంటే డ్యూటీ పండుగలా ఉండేదని, ఏటా నాంపల్లిలో పెట్టే ఎగ్జిబిషన్, ఆ నుమాయిష్‌ను ఒక్క ఏడూ విడిచిపెట్టలేదని, బిర్యానీ ఎక్కడ బాగుంటుందో అందరూ ఆయన్నే అడిగేవారని తెగ పొగిడారు. శాలువాతో ఇల్లు చేరిన రోజు నుంచి ఆయనతో ఆమెకు మాటల్లేవు.

"అన్నం పెడ్తది బిడ్డా. ఏమన్న చెప్పేదుంటే బర్రెకు చెప్తది, నేను ఇనాలె. పట్నంల నేను పడ్డ కష్టం కండ్లతోటి చూస్తెనన్న నమ్ముతదేమో" అన్నాడు.

నవ్వు వచ్చింది గానీ, ఆయన కళ్ళలో నీళ్ళు చూసి ఆపుకున్నాను.

ఫుటేజ్, అంటే కోతపడని అసలు వీడియో, మొత్తం చూశాను. పాత కండక్టర్ చేతికి ఫోనిచ్చి, తాను బస్సు నడిపిన దారులన్నీ తిరుగుతూ మాట్లాడాడు. మాటలన్నీ కష్టాలే. ముఖం మాత్రం వేరే కథ చెబుతోంది. ఉప్పల్ చౌరస్తాలో నిలబడి ఈ ట్రాఫిక్‌లో నా పానం పోయిందంటాడు. అంతలో ఓ బస్సు డ్రైవర్ గుర్తుపట్టి చెయ్యి ఊపితే ముఖమంతా నవ్వే. తిండి లేక చాయ్‌తో బతికానంటూ ఇరానీ హోటల్లో సాసర్‌లో చాయ్ పోసుకుని, ఊది, కళ్ళు మూసుకుని తాగుతాడు. అఫ్జల్‌గంజ్‌లో వాన నీళ్ళలో బస్సు ఆగిపోయిన చోటు చూపిస్తూ, జనమంతా దిగి ఎలా తోశారో చెప్పేటప్పుడు హుషారు పట్టలేకపోతాడు. హైదరాబాదును అంత ఇష్టంగా ఎవరూ తిట్టి ఉండరు.

"బాపు, దీంట్ల కష్టం కనబడ్తలేదు" అన్నాను.

అయితే పెళ్ళి వీడియోలో ఆడవాళ్ళు ఏడుస్తారే, ఆ మ్యూజిక్ పెట్టమన్నాడు.

అది అప్పగింతల సన్నాయి. పిల్లను అత్తవారి చేతిలో పెట్టే ఘట్టానికి మేం వేసే బిట్. జనగామ నుంచి మహబూబాబాద్, భూపాలపల్లి దాకా నాకు తెలిసిన మిక్సింగ్ వాళ్ళందరం అదే వాడతాం. వాయించింది ఎవరో ఎవరికీ తెలియదు. అది మొదలైతే చాలు, తెర మీద ఎవరున్నారో చూడకుండానే ఆడవాళ్ళు కొంగు కళ్ళకు అద్దుకుంటారు. కస్టమర్ మాట కాదనలేక సినిమా అంతటా దాన్నే పరిచాను. రోడ్లకు స్లో మోషన్ కూడా వేశాను. ఆటోలు, బస్సులు, మిర్చి బజ్జీల బండ్లు అన్నీ పుట్టిల్లు విడిచి వెళుతున్నట్టు కదిలాయి.

టీవీకి కలపడం రాదని నన్ను ఊరికి తీసుకెళ్ళాడు. ఇంటి నిండా వాడకట్టు ఆడవాళ్ళు. రాజవ్వ గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. సన్నాయి మొదలైంది. ఉప్పల్ చౌరస్తా చూసి ఇద్దరు ముసలమ్మలు కళ్ళొత్తుకున్నారు. ఇరానీ చాయ్ దగ్గరికి వచ్చేసరికి ఇల్లంతా ముక్కు చీదుతోంది. సాయిలు నా వైపు చూసి తల ఊపాడు. గట్టెక్కామనుకున్నాం.

రాజవ్వ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. "ఆ సన్నాయి బంద్ చెయ్ బిడ్డా. మల్ల మొదటి నుంచి పెట్టు" అంది.

మ్యూట్ నొక్కాను. సన్నాయీ పోయింది, ఆయన చెప్పిన కష్టాలూ పోయాయి. ఇక తెర మీద మిగిలింది ఆయన ముఖమే. ఇందాక ఏడ్చిన ముసలమ్మలే ఆ చాయ్ తాగడం చూసి కిసుక్కున నవ్వారు. రాజవ్వ నవ్వలేదు. కట్టుకున్న మనిషి ముఖం అంతగా వెలగడం ఆమె ఎన్నడూ చూడలేదనిపించింది. వీళ్ళ కాపురం నా చేతుల మీదుగానే చెడిందని భయపడ్డాను.

అయిపోయాక ఆమె సూటిగా ఆయన వైపు తిరిగింది. "గింత మంచిగున్న ఊరికి నన్నెందుకు తోల్కపోలే?"

మళ్ళీ పొగ, దుమ్ము అంటాడేమో అనుకున్నాను. అనలేదు. "నువ్వొస్తే అవ్వను, బాపును ఎవలు చూస్తరు? నువ్వు ఈడనే ఉండు అని అడగనీకి మొఖం చెల్లలే. అందుకే ఊరు మంచిగలేదన్న" అన్నాడు.

"గా ముక్క చెప్తే నేనే ఉండకపోదునా?" అంది రాజవ్వ. "ఏడాదికొకపాలి చూసన్న వద్దును గద."

ఇక అక్కడి నుంచి అందుకుంది. పెళ్ళి నాటి సంగతుల నుంచి నుమాయిష్‌లో కొని తెచ్చిన విరిగిన దువ్వెన దాకా దేన్నీ విడవకుండా కడిగిపారేసింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. నేనూ వైర్లు చుట్టేసుకున్నాను.

ఊళ్ళో వాళ్ళందరినీ సన్నాయితో ఏడిపించవచ్చు, ఇంటి మనిషిని ఏమార్చలేమని ఈ కేసుతో నాకు తెలిసింది. ఇప్పుడు ఏ వీడియో అయినా ముందు ఒకసారి శబ్దం లేకుండా చూస్తాను. అప్పగింతల్లో కొందరు పెళ్ళికూతుళ్ళు సంతోషంగా నవ్వుతుంటారని అంతకుముందు నేను గమనించనే లేదు. అలాంటివాళ్ళకు సన్నాయి వేయడం మానేశాను. తల్లులు కోప్పడుతున్నారు, పడనీ అనుకుంటున్నాను.

ఇదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం సాయిలు నన్ను బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. మ్యూట్ చేసి తప్పు చేశానా బాపు అని అడిగాను. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుని, "నాతోని మాట్లాడింది బిడ్డా" అన్నాడు. అంతలో ఇంటి వైపు నుంచి రాజవ్వ కేక వినబడింది. తాను చెప్పేది ఇంకా అయిపోలేదట, ఎటు పోయావని అడుగుతోంది. "వస్తన్న, వస్తన్న" అంటూ ఆ పెద్దాయన నా బస్సు వచ్చేదాకా కూడా ఆగకుండా ఇంటికి పరుగెత్తాడు.