కుర్చీలో కూర్చుంటేనే ఉత్తరం

గత మంగళవారం ఉదయం మా టైపు టీచరుగారు కన్నుమూశారు. కాకినాడ ఆస్పత్రి నుంచి వాళ్ళ అక్కగారు ఆ మాట చెప్పి ఫోను పెట్టేసిన కాసేపటికే ఇన్సూరెన్స్ కంపెనీ మెసేజ్ వచ్చింది. "మీ రిక్వెస్ట్ పరిశీలనలో ఉంది. మా సేవలను అవైల్ చేసుకుంటున్నందుకు ధన్యవాదాలు." చివర నవ్వుతున్న పసుప్పచ్చ బొమ్మ ఒకటి.

యానాంలో మా ఈడువాళ్ళు చాలామంది ఆవిడ దగ్గరే టైపు నేర్చుకున్నారు. ఇన్‌స్టిట్యూట్ మూతబడ్డాక ఒక్క మిషన్ మాత్రం వరండాలో ఉంచుకుని, ఊళ్ళోవాళ్ళకి ఇంగ్లీషు ఉత్తరాలు కొట్టిపెట్టేవారు. ఎక్కువగా ఇన్సూరెన్స్ ఆఫీసులకే. పడవ మునిగినా, కొట్టు తగలబడినా, మనిషి పోయినా జనం ఆవిడ దగ్గరికే వచ్చి, చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆవిడ జేబురుమాలుతో మీటలు తుడుచుకుంటూ కూర్చునేవారు తప్ప ఒక్క అక్షరం కొట్టేవారు కాదు. ఎదురుగా ఉన్న చెక్క కుర్చీ చూపించేవారు. అందులో కూర్చుంటేనే ఉత్తరం.

దరియాలతిప్ప నుంచి ఒకామె వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆమె భర్త వేటకెళ్ళి గోదాట్లో పోయాడు. ఎవరో రాసిచ్చిన కాగితం పట్టుకొచ్చింది. అందులో లైను లైనుకీ రిక్వెస్టే.

"దయ సూపించమని గట్టిగా రాయండమ్మగారూ."

"ముందు కూర్చో. మీ ఆయన ప్రీమియం కట్టేవాడా?"

"కట్టేవోడండి. ఒక్కేడు కూడా మానలేదండి."

"మరి దయెందుకే? నీది నువ్వు తీసుకోడానికి దండాలు దేనికి?"

రిక్వెస్టులన్నీ తీసి పారేసి 'క్లెయిమ్' అని కొట్టారు. వేరే మాట వాడితే ఊరుకునేవారు కాదు. నోరు కూడా అంత మంచిది కాదు. ఆవిడ కొట్టే ఉత్తరానికి చిత్తు రాస్తూ నేనొకసారి పాలసీని 'యూజ్' చేసుకుంటానని రాస్తే, "వాడి అరగదీయడానికి ఇదేమన్నా సబ్బా?" అన్నారు. 'అవైల్' అంటే మరీ రోత. "అది ఆఫర్ అవైల్ చేసుకోండని చీరల కొట్టు బోర్డు మీద రాసే మాట. మొగుడు పోయినదానికి రాస్తావా?" అని నా కాగితం చించేశారు. ఆ రోజు కోపమొచ్చింది గానీ, ఇవాళ నా బతుకులో ఎవరికైనా బెదరకుండా ఉత్తరం రాస్తున్నానంటే అది ఆవిడ చలవే.

అలాంటి మనిషికి గుండె ఆపరేషన్ అవసరమైనప్పుడు కంపెనీకి ఉత్తరం రాసింది నేనే. ఆస్పత్రి కౌంటర్లో ఉద్యోగి, "మెత్తగా రాయండి సార్. క్లెయిమ్ అంటే వాళ్ళకి దెబ్బలాటకొచ్చినట్టు ఉంటాది," అన్నాడు. నేను బుద్ధిగా తలూపి, ఆ కౌంటర్ మీదకే వంగి 'హంబ్లీ రిక్వెస్ట్' అని రాసేశాను. సంతకం కోసం మంచం దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ మొత్తం చదివి నా వంక చూశారు.

"నిలబడి రాశావు కదూ?"

మార్పించే ఓపిక లేక సంతకం పెట్టేశారు.

ఆ ఒక్క మాట మార్చి ఉంటే కంపెనీ వెంటనే ఒప్పుకునేదని నేననను. వాళ్ళు వారం పైన నాన్చారు. ఈలోగా ఆపరేషన్ జరక్కుండానే ఆవిడ పోయారు. వాళ్ళ మెసేజ్ అంటే అసహ్యం, ఆ పసుప్పచ్చ నవ్వంటే అసహ్యం. ఆవిడ చివరి సంతకం అడుక్కునే కాగితం కింద పెట్టించిన నా చేతులంటే అంతకు పదిరెట్లు అసహ్యం.

నిన్న ఆస్పత్రి ఖర్చుల కోసం అక్కగారిని వెంటబెట్టుకుని కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. ఈసారి ఉత్తరం ఆవిడ వరండాలో, ఆ చెక్క కుర్చీలో కూర్చునే రాశాను. 'ఐ క్లెయిమ్' అనే మొదలుపెట్టాను. అక్కడి ఉద్యోగి కాగితం వైపైనా చూడకుండా, "రిక్వెస్ట్ అక్కడ పెట్టి వెళ్ళండమ్మా, చూస్తాం," అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా, ఇన్నేళ్ళూ వంటింట్లోంచి చెల్లెలి మాటలు వింటూ వచ్చిన ఆ ఎనభై ఏళ్ళ మనిషి, గోడవారనున్న కుర్చీ బరబరా ఈడ్చుకొచ్చి అతని ఎదురుగా వేసుకుని కూర్చున్నారు.

"రిక్వెస్ట్ కాదు బాబూ. మా చెల్లి కట్టింది. తీసుకోడానికొచ్చేను."

కుర్చీ ఎత్తుకి ఆవిడ పాదాలు నేలకి అందలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు. మధ్యాహ్నం ఆఫీసంతా భోజనాలకి లేచినా, ఆవిడ లేవలేదు.