ఉస్తాద్ నవ్వినట్టు సంతకం

మీరే చెప్పండి, ఇన్నేళ్లుగా ఎవరికీ తట్టని పనిని "ఎవరికైనా తట్టేదే" అని కొట్టేస్తే ఒళ్లు మండదా? మా బావ సోమలింగానికి మండింది.

బావ చదివింది ఏడో తరగతి. సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చి, డిండోలిలో ఉంటూ సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, బాగుచేస్తాడు. మగ్గంలో పోగును మోసే నాడె అటూ ఇటూ ఉరుకుతూ తన పెట్టె చివర ఠప్పున గుద్దుకుంటుంది. ఆ దెబ్బకు పోగు తెగుతుంది, నాడె పగులుతుంది. అందరూ అక్కడ తోలుముక్క పెడతారు. మొదటి లాక్‌డౌన్‌లో బావ సైకిల్ ట్యూబు ముక్కలో స్ప్రింగు పెట్టి, రెండు వైపులా మూసి, సూదిమొనంత బెజ్జం వేశాడు. దెబ్బ పడితే గాలి మెల్లగా బయటికి పోతూ అదురును మింగుతుంది. స్ప్రింగు మళ్లీ ఉబ్బిస్తుంది.

పని నేర్పిన ఉస్తాద్ బ్రహ్మచారికి చూపిస్తే పడీపడీ నవ్వాడు.

"బెజ్జం బెట్టినంక గాలి ఆగుతదారా? పంక్చరేసేటోడు గూడ నవ్వుతడు!"

అయినా బావ తగ్గకుండా ఒక వకీలును పట్టుకుని పేటెంటుకు పెట్టించాడు. మరుసటేడు పేటెంటు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రబ్బరు పాతదే, స్ప్రింగు పాతదే, రెండూ కలపడం పని తెలిసిన ఎవరికైనా తట్టేదేనట.

"తడితే ఇన్నేండ్లు ఏం జేసిండ్రు? నాడెలకు మొక్కుకుంట కూసున్నరా?" అని బావ కాగితం మీదే అరిచాడు.

పని తెలిసిన మేస్త్రీ ఒకరు "ఇది నడవదనుకున్నా" అని సంతకం పెడితే వాదించవచ్చని వకీలు చెప్పాడు. సోమవారమే గడువు. ఇద్దరం బ్రహ్మచారి దగ్గరికి పోయాం. ఇప్పుడు ఆయన సాంచాలన్నిటికీ బావ ట్యూబులే.

"ఉస్తాద్, నువ్వు నవ్వినవని ఒప్పుకో, చాలు."

"నేనెప్పుడు నవ్విన్రా? గిది నాకు ముందే ఎర్కనే."

"ఎర్కుంటే ఎందుకు చెయ్యలే?"

"తీరికేది? ముప్పయ్యేండ్ల ఉస్తాద్‌ను, తెల్వదని సంతకం బెడితే రేపు నా మాట ఎవడింటడు?"

"నీ ఇజ్జత్ కోసం నన్ను ముంచుతవా?"

బ్రహ్మచారి మాస్కు కింద గడ్డం గోక్కున్నాడు.

"ఐతారం ఇంటికి రా. నవ్విన్నని బెడత. తెల్వదని మాత్రం బెట్ట."

"గదే సాలు!"

బావ ఆ రాత్రే కాగితం రాసుకున్నాడు. శనివారం బావకు జ్వరమొచ్చింది. కరోనా అని మున్సిపాలిటీ వాళ్లు మా బిల్డింగ్‌కే పట్టీ కట్టి, ఎవరినీ కదలనివ్వలేదు. ఉస్తాద్ సంతకం ఫోటో తెప్పించి పంపుతామంటే వకీలు అసలు కాగితమే కావాలన్నాడు.

ఆదివారం పొద్దున నేను బావ విడిచిన బట్టలు బకెట్లో నానబెట్టబోతుంటే, బావ మూసిన తలుపు అవతల నుంచి అరిచాడు.

"అంగీ జేబుల కాగితం ఉన్నది, తడవకుండ సూడురా. ఉస్తాద్ ఇంటికి పోయేదున్నది."