తీర్పు రంగంలో కోసేసిన మాట

ఆ నాటక సమాజంలో అందరికీ ఆవిడ పిన్నే. ముప్పై ఏళ్లు తెర పక్కన స్టూలేసుకుని కూర్చుని, నటులు మరిచిపోయిన మాటలు గుసగుసగా అందించింది. అప్పు మీద సాగే ఒక పాత నాటకంలో వడ్డీ వ్యాపారి వేషం ఆవిడ భర్తది. కోర్టులో వ్యాపారి ఓడిపోగానే జనం ఈలలు వేసేవారు. ఆయన రంగు కడుక్కుంటూ నవ్వేసేవాడు గానీ, ఆ నవ్వు పెదాలు దాటేది కాదు.

తీర్పుకు ముందు వ్యాపారి తన గోడు చెప్పుకునే ఘట్టం ఒకటుండేది. "వాడి మీద జాలి పుడితే టిక్కెట్లు తెగవు" అని సమాజం యజమాని దాన్ని కోసేశాడు. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ఆ మాటలు అద్దానికి చెప్పుకునేవాడు. స్టేజీ మీద ఒక్కసారీ చెప్పకుండానే పోయాడు. పదకొండేళ్లయింది.

ఇప్పుడా నాటకాన్ని మళ్లీ ఎత్తుకున్న దర్శకురాలు చిన్న పిల్ల. పిన్నిని పిలిపించింది.

"ఈసారి మాట అందించక్కర్లేదు పిన్నీ, అందరికీ నోటికొచ్చేసింది."

పిన్ని ప్రాణం ఉసూరుమంది. "మరి నన్నెందుకు రమ్మన్నావే?"

"పాత పుస్తకంలో రెండు పేజీలు చింపేశారు. అందులో ఏముందో మీకేమైనా గుర్తుందా?"

పిన్ని కళ్లజోడు తీసి, గోడకేసి చూస్తూ, మొత్తం గడగడా అప్పజెప్పింది. "నన్ను గడప దాటనివ్వలేదు. నా డబ్బును మాత్రం పడగ్గది దాకా తీసుకెళ్లారు" అన్నచోట ఆగి, కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. వ్యాపారి వేషం వేస్తున్న బ్యాంకు గుమాస్తా టీ గ్లాసు పక్కన పెట్టి, ఆ మాటలు రాసుకోవడం మొదలుపెట్టాడు.

మొదటి ప్రదర్శన పిన్ని మూడో వరుసలో కూర్చుని చూసింది. ఇన్నేళ్లూ ఆవిడ చూసింది నటుల చెవులూ వీపులే. ఆ మాట అయిపోయి తీర్పు రాగానే అలవాటుకొద్దీ ఈలల కోసం ఒళ్లు బిగబట్టింది. ఒక్కటీ వినపడలేదు. వ్యాపారి ఎప్పటిలాగే ఓడిపోయాడు. తెర పడ్డాక జనం చప్పట్లు కొట్టారు.

"ఎలా ఉంది పిన్నీ? మొహమాటపడకుండా చెప్పు" అన్నాడు గుమాస్తా.

"బాగానే చేశావు నాయనా. కాకపోతే మరీ ఏడ్చేశావు. మీ బాబాయి లెక్క చెబుతున్నంత నెమ్మదిగా అనేవాడు."

మర్నాడు రిహార్సలుకు పిన్ని అరగంట ముందే వచ్చింది. అతని చేత ఆ మాట పదిసార్లు చెప్పించింది. పదకొండోసారి అచ్చం ఆయనలాగే వచ్చేసరికి, కొంగు కళ్లకద్దుకుని, "ఇంక చాల్లే, టీ తెప్పించండి" అంది.